సింకు తోమడానికి యాసిడ్ ఎందుకు?

గార, జిడ్డు, పాకుడు... వంటింటి సింకులో చేరే మురికి మూడు రకాలు. దేని విరుగుడు దానికి వంటింట్లోనే ఉంది. ఏది దేనికి పనికొస్తుందో తెలిస్తే ఘాటు సీసాల అవసరం దాదాపుగా ఉండదు.

వంటింటి సింకు కింద అర తలుపు తీసి చూడండి. పాత గుడ్డ, అరిగిన స్టీలు పీచు, సగం వాడిన అంట్ల సబ్బు, ఒక ఫినాయిల్ సీసా, దాని వెనక బాత్రూము కోసం తెచ్చిన యాసిడ్. చాలా ఇళ్లలో ఈ వరస ఇంతే. ఆ యాసిడ్‌ను సింకులో ఒక్క చుక్క పోయకపోయినా, అక్కడ ఉండడమే సింకుకు చేటు. సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మూత కాస్త వదులుగా ఉన్నా దాని ఆవిరి మూసిన అరలో కమ్ముకుంటుంది. సింకు అడుగున, పైపుల బిగింపుల దగ్గర ఉన్న తడితో కలిసి లోహాన్ని కొంచెం కొంచెంగా తింటుంది. కొని రెండేళ్లయినా కాలేదు, అప్పుడే తుప్పు మచ్చలు వచ్చాయని షాపువాళ్లతో తగువు పడేముందు ఆ అరలో ఏముందో చూసుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదని మన నమ్మకం. అందులోనూ ఎక్కువ భాగం ఇనుమే. దాన్ని కాపాడేది అందులో కలిపిన క్రోమియం. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా పాడవకుండా ఉండే లోహం కోసం వెతుకుతూ క్రోమియం ఉక్కు తయారుచేశాడు. తుపాకుల కన్నా ముందు అది చాకులకూ చెంచాలకూ పనికొచ్చింది. మంచి సింకులు చేసే 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి స్టీలు మీద కంటికి కనబడని పొర కడుతుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే రెండు మూడు భాగాలంత మందం. గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది. అందుకు శుభ్రమైన స్టీలు, గాలి ఉంటే చాలు.

ఆ పొరకు పడనిది క్లోరైడ్. యాసిడ్‌లో ఉన్నది అదే, ఉప్పులో ఉన్నదీ అదే. బ్లీచింగ్ నీళ్లు సింకులో నిలవ ఉన్నా జరిగేది అదే. ఆవకాయ పెట్టిన రోజు ఉప్పు, ఆవపిండి అంటిన బేసిన్లు, గరిటెలు రాత్రంతా సింకులో నానితే స్టీలు మీద సూదిమొనంత గుంటలు పడడం మొదలవుతుంది. ఒకసారి గుంట పడిందంటే దాన్ని పూడ్చే మందు లేదు. అందులో తడి నిలుస్తుంది, తుప్పు లోపలికి పోతుంది.

స్టీలు పీచుతోనూ ఇలాంటి చిక్కే. రుద్దేటప్పుడు దాని సన్నని ఇనుప రజను సింకు గీతల్లో చిక్కుకుంటుంది. రెండు రోజుల్లో అక్కడ టీ రంగు చుక్కలు తేలతాయి. అది సింకు తుప్పు కాదు, పీచు తుప్పు. నిమ్మరసమో, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లో రాసి కాసేపుంచి మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. ఫ్యాక్టరీల్లో కూడా స్టెయిన్‌లెస్ స్టీలు మీద మిగిలిన ఇనుప రజను తీసి పొర బాగా కట్టడానికి నిమ్మ ఉప్పునే, అంటే సిట్రిక్ ఆమ్లాన్నే వాడే పద్ధతి ఉంది. రెండు రూపాయల నిమ్మకాయను తక్కువగా చూడకూడదు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఒక మందు మీద ఇంకో మందు పోయడం. యాసిడ్‌తో పోలేదని బ్లీచింగ్ కూడా వేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, ఈప్ర దగ్గర సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే. గాలి సరిగా ఆడని అపార్టుమెంటు వంటింట్లో గొంతుకూ ఊపిరితిత్తులకూ అది చేసే హాని చిన్నది కాదు. దగ్గు, కళ్లమంట మొదలైతే సింకు సంగతి వదిలేసి అందరూ ముందు బయటి గాలిలోకి రావాలి. ఇంట్లో యాసిడ్ సీసా ఇప్పటికే ఉంటే దాన్ని వంటింట్లోంచి తీసేసి, పిల్లలకు అందని చోట నిలబెట్టి ఉంచండి. మరుగుదొడ్డిలోనే, మరే మందూ కలపకుండా వాడి ముగించండి. మళ్లీ కొనకండి.

గారకు పులుపు

బోరు నీళ్ల ఇంట్లో సింకు ఎంత తోమినా ఆరేసరికి తెల్లచారలు తేలతాయి. కుళాయి మెడ చుట్టూ తెల్లగా గట్టిగా ఒక కట్టు కడుతుంది. సబ్బుతో రుద్దితే పోదు. సబ్బు ఎక్కువైన కొద్దీ ఆ తెలుపు ఇంకా జిగటగా మారుతుంది. భూమి లోపలి రాళ్ల మీదుగా వచ్చే నీళ్లు కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని వస్తాయి. నీరు ఆవిరై కాల్షియం కార్బనేట్ మిగులుతుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. ఆ 600 ఉన్న నీళ్లు 15 లీటర్ల బిందెడు ఎండిపోతే అడుగున సుమారు 9 గ్రాముల గార మిగిలినట్టు లెక్క. రోజూ ఎన్ని బిందెల నీళ్లు సింకు మీదుగా పోతాయో తలుచుకుంటే ఆ తెల్లకట్టు ఎక్కడిదో అర్థమవుతుంది. హైదరాబాదు అపార్టుమెంట్లలో కృష్ణా, మంజీరా నీళ్లు వచ్చినన్నాళ్లు బాగానే ఉన్న సింకు, వేసవిలో ట్యాంకరు మొదలవగానే తెల్లబారడం చూస్తూనే ఉంటాం.

దీనికి పులుపే మందు. నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం ఉంటాయి. ఏదైనా గారను కరిగిస్తుంది. చారుకు రసం పిండాక మిగిలిన చింతపండు పిప్పిని పారేయకుండా సింకు గోడలకు పట్టించి పావుగంట వదిలేయొచ్చు. రసం పిండేసిన నిమ్మ డిప్పతో కుళాయి చుట్టూ రుద్దొచ్చు. గార ముదిరితే గ్లాసు వేడి నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించండి. పాత గుడ్డ ముక్కను అందులో తడిపి కుళాయి మెడకు చుట్టి ఇరవై నిమిషాలు ఉంచండి. విప్పేటప్పుడు దగ్గరగా చూస్తే అంచుల్లో సన్నని బుడగలు కనిపిస్తాయి. అది గార కరిగి బొగ్గుపులుసు గాలిగా పోవడం. అప్పుడు పాత టూత్‌బ్రష్‌తో రెండుసార్లు తిప్పితే పెచ్చులుగా ఊడి వస్తుంది. నీళ్లు పోసి కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. తుడవకపోతే అదే నీళ్లు ఆరి మళ్లీ చార కడతాయి.

నిమ్మ డిప్పలో ఉప్పు వేసి రుద్దే అలవాటు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఇత్తడి చెంబులకూ రాగి బిందెలకూ అది దివ్యంగా పనిచేస్తుంది. స్టీలు సింకుకు మాత్రం ఉప్పు వద్దు. కారణం పైన చెప్పుకున్నదే.

పులుపుతో జాగ్రత్త పడాల్సిన చోటు ఇంకొకటి ఉంది. ఎవరూ పెద్దగా చెప్పని సంగతి ఇది. మన ఇళ్లలో వంటగట్టుకూ సింకు చుట్టూ వేసే కడప రాయి, తాండూరు రాయి, బేతంచెర్ల రాయి, షాబాదు బండ అన్నీ సున్నపురాయి జాతివే. అంటే గార దేనితో ఏర్పడిందో ఆ రాయీ ప్రధానంగా దానితోనే ఏర్పడింది. నిమ్మరసానికి రెండింటి మధ్యా తేడా తెలియదు. సింకు అంచు మెరుస్తుందని వెనిగర్ పోసి వదిలేస్తే పక్కనున్న నల్లని కడప బండ నునుపు పోయి తెల్లగా మచ్చలు పడుతుంది. పాలరాయికీ ఇదే గతి. గ్రానైటు చాలావరకు తట్టుకుంటుంది. కాబట్టి ఇలాంటి రాయి ఉన్న ఇంట్లో పులుపును పోయకూడదు. గుడ్డకు తడిపి స్టీలుకు మాత్రమే అద్ది, ఒలికితే వెంటనే తుడిచేయాలి. రాతి మీద గార పడితే వంటసోడా తడిపి రుద్దడమే తప్ప వేరే దారి లేదు.

జిడ్డు సంగతి

జిడ్డుకు పులుపు పనిచేయదు. దానికి కావలసింది క్షారం, లేదంటే నురగ. మన పెద్దవాళ్లు కట్టెల పొయ్యి బూడిద, కచ్చిక బూడిద కొబ్బరి పీచుకు అద్ది అంట్లు తోమింది ఊరికే కాదు. బూడిదలో పొటాషియం కార్బనేట్ ఉంటుంది. అది నూనెతో కలిసి కొంత సబ్బుగా మారి జిడ్డును విడదీస్తుంది. మెత్తని పొడి మిగతాది రాల్చేస్తుంది. గ్యాసు పొయ్యిల ఇళ్లలో బూడిద దొరకదు. దొరికినా దాన్ని సింకులోకి వదలడం మంచిది కాదు, గొట్టంలో అడుగుకు దిగి గట్టిపడుతుంది. బూడిద దొడ్లో గచ్చు మీద తోముకునే రోజుల సరుకు.

సింకుకు వంటసోడా ఉంది. తడి సింకు మీద పలచగా చల్లి, తడిగుడ్డతో స్టీలు మీద సన్నని గీతలు ఏ దిక్కుకు ఉన్నాయో ఆ దిక్కుకే రుద్దండి. సోడా పలుకు స్టీలు కన్నా చాలా మెత్తన కాబట్టి గీతలు పడవు. జిడ్డు మొండిగా ఉంటే బట్టల సోడా తీసుకోవాలి. ఇది వంటసోడా కాదు, సోడియం కార్బనేట్. ఘాటు ఎక్కువ. లీటరు వేడినీళ్లకు రెండు చెంచాలు చాలు. చేతికి గ్లౌజు ఉండాలి. అల్యూమినియం గిన్నెలను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, నల్లబడిపోతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వంటసోడా చల్లి దాని మీద వెనిగర్ పోస్తే బుసబుసమని పొంగుతుంది. చూడడానికి బాగుంటుంది, వీడియోల్లో ఇంకా బాగుంటుంది. కానీ క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి తినేస్తాయి. మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు, గాలిలో కలిసిపోయిన బొగ్గుపులుసు గాలి. జిడ్డుకూ పనికిరాదు, గారకూ పనికిరాదు. రెండూ మంచివే, విడివిడిగా వాడితే. ముందు సోడాతో జిడ్డు తీసి కడిగేయండి, తర్వాత పులుపుతో గార తీయండి. వరస మారితే జిడ్డు కింద ఉన్న గారకు పులుపు తగలనే తగలదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది కుంకుడు రసం. కుంకుడు పెంకులో ఉండే సపోనిన్లు నురగనిచ్చి జిడ్డును నీళ్లలో కలుపుతాయి. మామూలు సబ్బు బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి ముద్దగా తేలిపోతుంది. కుంకుడుకు ఆ ఇబ్బంది లేదు. గింజలు తీసిన పది పన్నెండు కాయల పెంకులు అర లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పది నిమిషాలు మరిగించి, చల్లారాక పిసికి వడకట్టుకోవాలి. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, అంతకు మించి పులిసిపోతుంది కాబట్టి కొంచెం కొంచెమే చేసుకోవాలి. అంట్ల సబ్బంత నురగ రాదు. నురగ లేకపోతే శుభ్రం కాలేదనిపించే అలవాటు మనకు పడింది, అది వదులుకోవాలి. కళ్లలో పడితే ఎలా ఉంటుందో తలంటు పోసుకున్న ప్రతివారికీ తెలుసు.

పండ్ల తొక్కలు, బెల్లం, నీళ్లు మూడు, ఒకటి, పది పాళ్లలో కలిపి మూడు నెలలు పులియబెట్టే బయో ఎంజైమ్ కూడా చాలా ఇళ్లలో తయారవుతోంది. తొక్కలు చెత్తలోకి పోకుండా వాడుకలోకి వస్తున్నాయి, అది మంచిదే. కానీ దాని బలమంతా పులుపులోనే ఉంది. పలచని వెనిగర్‌లాగే చూడాలి. గారకు వాడండి, కడప రాయికి దూరంగా ఉంచండి, సర్వరోగ నివారిణి అనుకోకండి. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గాలి వదలకపోతే సీసా పగిలే ప్రమాదమూ ఉంది.

అసలు జిడ్డును సింకులోకి రానివ్వకపోవడం అన్నిటికన్నా తేలిక. పూరీలు వేయించిన మూకుడును అలాగే కుళాయి కింద పెట్టకండి. చెంచాడు శనగపిండి చల్లి పాత కాగితంతో తుడిస్తే పిండి నూనెనంతా పీల్చుకుంటుంది. నలుగు పెట్టుకుని ఒంటి నూనె వదిలించుకునే ఇంటివాళ్లకు ఇది కొత్తగా నేర్పాల్సిన పని కాదు. నెయ్యి, వనస్పతి వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా జారిపోతాయి. గొట్టంలోకి వెళ్లి చల్లారగానే గోడకు అంటుకుంటాయి. నీళ్లలోని కాల్షియం దానితో కలిసి రాయిలా గట్టిపడుతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద మురుగు కాలువలో ఇలా పేరుకున్న ముద్ద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు తేలింది. మన సింకు కింద గొట్టంలో జరిగేదీ అదే, చిన్న ఎత్తున.

కంపు ఎక్కడిది?

సింకు కంపు కొడుతోందంటే చాలాసార్లు తప్పు గిన్నెది కాదు, కింది గొట్టానిది. సింకు కింద సీసాలా వేలాడే భాగాన్ని ప్లంబర్లు బాటిల్ ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. మురుగు కాలువలోని గాలి ఇంట్లోకి రాకుండా అడ్డేది ఆ నీళ్లే. నీటితోనే గాలిని ఆపే ఈ ఉపాయానికి 1775లో లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ పేటెంటు తీసుకున్నాడు. ఆయన చేసింది మరుగుదొడ్డి కోసం, గొట్టాన్ని ఎస్ ఆకారంలో వంచి. సంక్రాంతికి ఊరెళ్లి పది పదిహేను రోజులకు తిరిగొచ్చి తలుపు తీయగానే గుప్పుమనేది ఆ నీళ్లు ఆరిపోవడం వల్లే. మందులేమీ అక్కర్లేదు. ప్రతి సింకులో, బాత్రూము జాలీలో చెంబెడు నీళ్లు పోస్తే అరగంటలో వాసన తగ్గిపోతుంది.

కొన్ని ఇళ్లలో అసలు ట్రాపే ఉండదు. ముడతల పైపును నేరుగా నేలలోని రంధ్రంలోకి దూర్చి వదిలేస్తారు. ఆ రంధ్రం చుట్టూ మిగిలిన సందులోంచి కంపూ వస్తుంది, బొద్దింకలూ వస్తాయి. అలాంటి పైపును మధ్యలో యు ఆకారంలో వంచి కట్టి, అడుగు సందును రబ్బరు వాషరుతోనో సిమెంటుతోనో మూయించాలి. ఏ ఫినాయిలూ చేయలేని మేలు ఆ ఒక్క పని చేస్తుంది. వీలుంటే లోపల నునుపుగా ఉండే పైపు వేయించుకోండి. ముడత ముడతకూ జిడ్డు పట్టుకునేది ముడతల పైపులోనే.

బాటిల్ ట్రాప్ విప్పడం ఎవరైనా చేయగల పని. కింద బకెట్టు పెట్టి, గ్లౌజు వేసుకుని, అడుగు గిన్నెను ఎడమవైపుకు తిప్పితే చేత్తోనే వస్తుంది. నీళ్లతోపాటు నల్లటి ముద్ద జారుతుంది. దాన్ని పుల్లతో విడదీసి చూస్తే ఆ ఇంటి వంటంతా అందులో కనిపిస్తుంది. పోపు ఆవాలు, కరివేపాకు ఈనెలు, టీ పొడి, ఉబ్బిన మెతుకులు, రుబ్బిన పిండి అడుగంటి పుల్లగా మారిన పొర, రెండు వెంట్రుకలు, వాటన్నిటినీ పట్టి ఉంచిన పాకుడు. గొట్టం లోపలి గోడ వేలితో తాకితే జారుతుంది. బాక్టీరియా తమ చుట్టూ కట్టుకునే గూడు అది. చిన్న రెక్కల పురుగులాంటి డ్రెయిన్ ఈగలు గుడ్లు పెట్టేదీ అందులోనే. పైనుంచి ఏ ద్రవం పోసినా ఆ పొర మీదుగా జారిపోతుంది తప్ప దాన్ని పెకలించలేదు. సీసాలు తోమే బ్రష్షు, సబ్బునీళ్లు కావాలి. గొట్టం లోపల ఎంతవరకు అందితే అంతవరకు తోమి, గిన్నె కడిగి, రబ్బరు వాషరు సరిగా కూర్చుందో లేదో చూసి బిగించండి. కుళాయి వదిలి, బిగింపు చుట్టూ పొడి కాగితంతో తడిమితే కారుతుందో లేదో తెలిసిపోతుంది. నెలకో రెండు నెలలకో ఒకసారి ఇది చేస్తే గొట్టం మూసుకుపోయే మాటే ఉండదు.

ఒకవేళ మూసుకుపోతే ముందు రబ్బరు పంపుతో ప్రయత్నించాలి. సింకులో నాలుగు వేళ్ల లోతు నీళ్లుండాలి. పైన పొంగు రంధ్రం ఉంటే, పక్కన రెండో సింకు ఉంటే వాటిని తడిగుడ్డతో గట్టిగా మూయాలి. లేకపోతే ఒత్తిడంతా అటు పోతుంది. అప్పుడు పది పన్నెండు సార్లు ఆపకుండా నొక్కి లాగితే మామూలు అడ్డు కదులుతుంది.

పొడి రూపంలో దొరికే డ్రెయిన్ క్లీనర్ల జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెబుతాను. వాటిలో ఉండేది ఎక్కువగా కాస్టిక్ సోడా. నీళ్లు తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది. పీవీసీ పైపు 60 డిగ్రీల వేడికే మెత్తబడడం మొదలవుతుంది. మూసుకున్న గొట్టంలో నీళ్లు నిలిచి ఉంటే ఆ వేడికి మందు పైకి చిమ్మవచ్చు. కంట్లో పడితే క్షారం ఆమ్లం కన్నా లోతుకు పోతుంది. వెంటనే ఇరవై నిమిషాలపాటు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పొడి పనిచేయకపోతే మనం పిలిచే ప్లంబరు చేతులు పెట్టేది ఆ నీళ్లలోనే. ఆ సంగతి అతనికి ముందే చెప్పాలన్న ధ్యాస కూడా మనకు ఉండదు.

ఆ 60 డిగ్రీల లెక్క గంజికీ వర్తిస్తుంది. ఉడుకుతున్న అన్నం వార్చి గంజి నేరుగా సింకులో పోస్తే పైపు బిగింపులు వదులవుతాయి. గంజిలోని పిండి గొట్టానికి అంటుకుని పులుస్తుంది కూడా. కడుగునీళ్లు, గంజి కలిపి ఒకప్పుడు కుడితి తొట్టికి పోయేవి. ఇప్పుడు పశువు లేని ఇంట్లోనూ చల్లారిన గంజిలో నీళ్లు కలిపి మొక్కలకు పోయొచ్చు. వంటింటి నీళ్లు పెరట్లో అరటి గుబురుకు పారే ఇళ్లు కోస్తా పల్లెల్లో ఇంకా ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకు మీద ఆధారపడిన పట్టణాల ఇళ్లు అంతకన్నా చాలా ఎక్కువ. ట్యాంకులో మలినాన్ని కరిగించేది బాక్టీరియానే. బ్లీచింగ్, కాస్టిక్ ధారాళంగా పోస్తే ముందు చచ్చేది అవే.

ఆదివారం కోడికూర

సహజ పదార్థాలతో అన్నీ అయిపోతాయని నేను చెప్పను. నిమ్మ, సోడా, కుంకుడు మురికిని తీస్తాయి. క్రిములను నమ్మకంగా చంపవు. ఈ తేడా తెలియాల్సింది కోడి మాంసం కడిగిన రోజున. అమెరికా వ్యవసాయ శాఖ 2019లో బయటపెట్టిన పరిశీలనలో పచ్చి కోడిమాంసం కడిగినవాళ్లలో 60 శాతం మంది సింకుల్లో ఆ కడుగుడు తర్వాత బాక్టీరియా కనిపించింది. సింకు శుభ్రం చేశామనుకున్నాక కూడా 14 శాతం సింకుల్లో మిగిలే ఉంది. మన ఇళ్లలో పసుపు, ఉప్పు వేసి నాలుగు నీళ్లు పోసి కడిగితే తప్ప మనసొప్పదు. అలా కడిగేవాళ్లు కుళాయి ధార కింద కాకుండా లోతైన గిన్నెలో నీళ్లు పోసి, చిమ్మకుండా కడగాలి. పక్కన ఉన్న కొత్తిమీర, పచ్చిమిర్చి ముందే తీసేయాలి. ఆ నీళ్లు పారబోశాక సింకు, కుళాయి పిడి సబ్బుతో రుద్ది, వేడినీళ్లతో కడిగి, పొడిగా తుడవాలి. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అవుతున్న రోజుల్లో సీసా మీద రాసిన కొలతకు పలచన చేసిన బ్లీచింగ్ నీళ్లు వాడడంలో తప్పు లేదు. ఇంకే మందూ కలపకుండా వాడి, పది నిమిషాల్లో బాగా కడిగేస్తే చాలు.

సింకు కన్నా అనుమానించాల్సింది పక్కనున్న స్పాంజిని. జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఇళ్లలో వాడిన 14 స్పాంజిలను పరిశీలిస్తే వాటిలో 362 రకాల బాక్టీరియా తేలింది. కొన్నిచోట్ల ఘన సెంటీమీటరుకు 5,000 కోట్ల దాకా కణాలున్నాయి. మరిగించే అలవాటున్న ఇళ్ల స్పాంజిలు కూడా అంత మెరుగ్గా లేవు. ఎప్పుడూ తడిగా, మెతుకులు ఇరుక్కుని ఉండడమే దాని దోషం. కోనసీమ కొబ్బరి పీచు, పెరట్లో ముదిరి ఎండిన నేతిబీర పీచు త్వరగా ఆరతాయి. బీరపీచు సింకును గీరదు కూడా. తోమడం అయ్యాక బాగా కడిగి, పిండి, సింకులో కాకుండా గాలి తగిలే చోట వేలాడదీయండి. నెల దాటకుండా మార్చేయండి. పాతది మట్టిలో కలిసిపోతుంది.

ఎంగిలి గిన్నెలు రాత్రి ఉంచకూడదని పెద్దవాళ్లు ఎందుకనేవారో గానీ, వెచ్చటి మన రాత్రుల్లో అన్నం మెతుకు తడిగా ఉంటే బాక్టీరియా గంట గంటకూ రెట్టింపులవుతూ పోతుంది. బొద్దింకకు కావలసింది తిండి కన్నా ముందు నీళ్లు. తిండి లేకుండా వారాలు గడుపుతుంది, నీళ్లు లేకుండా అంతకాలం ఉండలేదు. పడుకునే ముందు జాలీ ఖాళీ చేసి, సింకును ఒక్కసారి పొడిగుడ్డతో తుడిచేస్తే గార కట్టదు, పాకుడు పట్టదు, బొద్దింక నిలవదు. రెండు నిమిషాల పని. ఈ కథనంలో చెప్పిన మిగతావన్నీ కలిపినా దీనంత లాభం లేదు.

చేతులు ఎవరివి?

యాసిడ్ కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు. నాలుగైదు ఇళ్లలో అంట్లు తోమే ఆమె చేతులు ఒకసారి చూడండి. గోళ్ల చుట్టూ చర్మం తెల్లగా ఉబ్బి ఉంటుంది. వేళ్ల కణుపుల మీద సన్నని పగుళ్లు, వాటిలో నల్లగీతలు. కారం అంటిన గిన్నె పట్టుకున్నప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం వెనక్కి తీసుకుంటుంది. ఒక ఇంట్లో చాకలి సోడా, ఇంకో ఇంట్లో బ్లీచింగ్, మూడో ఇంట్లో పౌడరు, అన్నీ ఒకే చర్మం మీద, ఒకే పూట. చర్మానికి సహజంగా ఉండే నూనె పొర పోతే మామూలు నీళ్లే మండుతాయి. చేతి తామర ముదిరితే పని మానడమే వైద్యమంటారు డాక్టర్లు. ఆమెకు ఆ వైద్యం అందుబాటులో ఉన్నది కాదు.

"అమ్మా, ఆ సీసాది వద్దు, మంట పుడుతోంది" అని నోరు తెరిచి చెప్పేవాళ్లు తక్కువ. చెబితే పని పోతుందేమోనని భయం. కాబట్టి మనమే అడగాలి. మందు మార్చినప్పుడు ఎందుకు మార్చామో చెప్పాలి. నిమ్మ ఉప్పు నీళ్లు దేనికి, సోడా దేనికి అని ఒకసారి పక్కన నిలబడి చేసి చూపిస్తే చాలు. ఆమెకు మనకన్నా తొందరగా పట్టుబడుతుంది, రోజంతా ఆమె చేసే పనే అది. నిమ్మరసం పగిలిన చేతికి మండుతుందని మరిచిపోకూడదు. గార తీసే పని ఉన్న రోజు గ్లౌజులు తప్పనిసరి, లేదా ఆ పని మనమే చేసుకోవాలి.

గ్లౌజులు కొనేటప్పుడు మన చేతి కొలతకు కాకుండా ఆమె చేతి కొలతకు కొనండి. పెద్దవైతే గిన్నెలు జారతాయి, బిగుతైతే విప్పి పక్కన పెట్టేస్తుంది. లోపల నూలు గుడ్డ ఉన్నవైతే చెమటకు దురద పెట్టవు. వాడాక తిరగేసి ఆరేయాలి. పని అయ్యాక చేతులకు రాసుకోవడానికి గూట్లో చిన్న కొబ్బరినూనె సీసా పెట్టి, అది ఆమె కోసమేనని చెప్పండి.